శర్మగారు చెప్పిన ముప్పైరెండు అంకెలు

గణితావధానం అంటే నాకు లక్కోజు సంజీవరాయశర్మగారే. 1907లో కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గరి కల్లూరులో పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. అక్క పైకి చదివే పాఠాలు విని లెక్కలు పట్టేశారని చెబుతారు. 1966లో హైదరాబాదు సభలో పృచ్ఛకుడు 103 రెండ్లను వరసగా గుణిస్తే ఎంతని అడిగాడు. పలక లేదు, బలపం లేదు. శర్మగారు అప్పజెప్పేశారు: 10141204801825835211973625643008. అందులో ఒక్క అంకె జారినా జవాబు మొత్తం పోయినట్టే. ఏం ధారణ అది!

ఆ సంఖ్యలో ఒకటి తీసేసి చూడండి. 103 ప్రధాన సంఖ్యే కాబట్టి ఇదీ ప్రధానమేనని ఆశ పుడుతుంది. కాదు, 2550183799 దీన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. ఈ సంఖ్యకు భాజకం ఉంటే అది 103కు రెట్టింపైన 206 గుణిజానికి ఒకటి కలిపిందే అయి తీరాలి. చిన్నదాంట్లో చూస్తే నమ్మకం కుదురుతుంది: 11 రెండ్ల లబ్ధంలో ఒకటి తీస్తే 2047, అంటే 23, 89ల లబ్ధం. రెండూ 22 గుణిజాలకు ఒకటి కలిపినవే.

ఆ పృచ్ఛకుడు ఇంకో నాలుగు రెండ్లు కలిపి అడిగి ఉంటే! ఆ జవాబులో ఒకటి తీస్తే 162259276829213363391578010288127. ఇది అచ్చమైన ప్రధాన సంఖ్య. 1914లో, కంప్యూటర్లు లేని రోజుల్లో, పవర్స్ అనే అమెరికన్ దాన్ని తేల్చాడు. పరీక్ష పెట్టే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. 31నే తీసుకోండి. 4తో మొదలు, వర్గం చేసి రెండు తీస్తే 14. మళ్లీ అలాగే చేస్తే 194, దాన్ని 31తో భాగిస్తే శేషం 8. ఇంకోసారి చేస్తే 62, శేషం సున్నా. 31 అయిదు రెండ్ల లబ్ధం కంటే ఒకటి తక్కువ కాబట్టి అయిదులో రెండు తీసి మూడు మెట్లు. మూడో మెట్టులో సున్నా వచ్చింది, 31 గెలిచింది. 107కైతే 105 మెట్లు, ప్రతి మెట్టులోనూ 33 అంకెల దాకా లెక్క.

ఈ సంపద ఉండగా మన పిల్లలకు అమ్ముతున్నదేమిటి? వేదాల్లో ఎక్కడా కనిపించని సూత్రాలను 1965 నాటి పుస్తకంలోంచి తీసి 'వేద గణితం' అని పేరు పెట్టి, నెలకింత ఫీజు గుంజుతున్నారు. తొమ్మిది చివర ఉన్న సంఖ్యను గబగబా గుణించడం విద్యా? ఎందుకు అలా వస్తుందో చెప్పరు, అడిగిన పిల్లవాణ్ని కూర్చోబెడతారు. శర్మగారి పేరైనా పాఠాల్లో వినపడదు. నాకు ఒళ్లు మండిపోతుంది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి సర్కారు బడుల సార్లకూ టీచరమ్మలకూ నాదో విన్నపం. డిసెంబర్ 22న, రామానుజన్ పుట్టినరోజున, ఎలాగూ గణిత దినోత్సవం చేస్తారు. ఉపన్యాసాలు తగ్గించి, పిల్లల్నే పృచ్ఛకులుగా కూర్చోబెట్టండి. పైన 31కి పెట్టిన పరీక్షకే 127ను నిలబెట్టమనండి. అయిదే మెట్లు, నోటితోనే అవుతుంది.