మంగలి షాపులో పుట్టిన బాతులు

అమెరికాలో చెసపీక్ అఖాతం ఒడ్డున క్రిస్‌ఫీల్డ్ అనే చిన్న ఊరుంది. అక్కడ లెమ్ వార్డ్, స్టీవ్ వార్డ్ అనే అన్నదమ్ములు మంగలి షాపు నడుపుతూ, తీరిక దొరికితే కొయ్య బాతులు చెక్కేవారు. వాళ్ల నాన్న ట్రావిస్‌కూ అవే రెండు పనులు. ఆ బాతులు అలమరలో పెట్టుకోవడానికి కాదు, వేటకు. నీటిమీద వదిలితే, పైన ఎగిరే గుంపు తమవాళ్లే దిగారనుకొని తుపాకీకి అందేంత దగ్గరికి రావాలి. మన వేటగాళ్లయితే దీన్ని దీమం అంటారు.

ఒళ్లు చేయడం ఒక రకంగా తేలికే. పైన్ దుంగను చేగొడ్డలితో చెక్కి, రెండు పిడుల కత్తితో నున్నగా తీస్తారు. తల వేరే ముక్క. కర్ర పోగు ముక్కు పొడవునా సాగాలి. అడ్డంగా పడిందా, పడవలోకి విసిరిన మొదటిసారే ముక్కు ఊడి చేతికొస్తుంది. అసలు చిక్కంతా అడుగున బిగించే సీసంతో. తలకిందులుగా విసిరినా బాతు తనంతట తానే తిరగబడి నిలబడాలి, గాలికి పక్కకు ఒరగకూడదు. బరువు కాస్త ఎక్కువైతే మునుగుతున్నట్టుంటుంది. బతికున్న బాతు అలా కూర్చోదు. రంగు మెరవకూడదు, ఎండకు తళుక్కుమంటే పక్షులు బెదురుతాయి. ఈక ఈకా దిద్దక్కర్లేదు. ఆకారం, తల తిప్పిన తీరు కుదిరితే చాలు. నా మటుకు ఈ కళలో అందమంతా ఆ పొదుపులోనే ఉంది.

మరి ఈ సరదా కూడు పెట్టిందా? పెట్టింది, కానీ చుట్టుదారిన. 1918 నాటి వలసపక్షుల చట్టం వేటాడిన పక్షుల అమ్మకాన్ని ఆపేసింది. దాంతో వేటే వృత్తిగా బతికేవాళ్ల బేరం పోయింది, చెక్కేవాళ్లు వేరే కొనుగోలుదారులను వెతుక్కోవాల్సి వచ్చింది. కేప్ కాడ్ అనే తీరప్రాంతంలో ఎల్మర్ క్రోవెల్ అనే చెక్కేవాడు అరచేతిలో పట్టే బుల్లి పక్షులు కూడా చెక్కి, వేసవి విడిదికి వచ్చేవాళ్లకు అమ్ముకున్నాడు. ఆయన చేసిన సూదితోక బాతు, కెనడా బాతు 2007లో ఒక్కొక్కటి 11.3 లక్షల డాలర్లు పలికాయి. అప్పటికి ఆయన పోయి 55 ఏళ్లు! హావర్ డి గ్రేస్ అనే ఊళ్లో మాడిసన్ మిచెల్ అనే ఆయనది ఇంకో దారి: అంత్యక్రియలు జరిపించే వ్యాపారం వదలకుండానే, యంత్రం మీద ఒళ్లు దింపి వేలకొద్దీ బాతులు అమ్మాడు, ఎందరికో పని నేర్పాడు.

ఇప్పుడు వేటకంటే అలంకారానికే మోజు. చిత్తడి అడవుల్లో పెరిగే టుపెలో కర్ర తేలిక, పేళ్లు లేవదు; దానిమీద వేడి కలంతో ఈకల పీచులు ఒక్కొక్కటిగా కాల్చి గీస్తారు. ఒక్క పక్షికి నెలలు పట్టొచ్చు. శీతాకాలంలో మన కొల్లేరుకూ వచ్చే సూదితోక బాతును అంత నిజంగా చెక్కినవి చూస్తే చేయి వేయాలనిపిస్తుంది. అయినా 1971లో అమెరికాలోని మేరీలాండ్‌లో మొదలైన, కొయ్య పక్షులు చెక్కే ప్రపంచ పోటీల్లో తేలే బాతులను నీళ్ల తొట్టిలో వదిలే చూస్తారు. ఒరిగిందా, ఈకల సొగసంతా వృథా.

బహుమతుల మీద బతకడం కష్టం. క్లాసులు చెప్పడం, సగం చెక్కిన దిమ్మలు అమ్మడం, పాతవాటికి మరమ్మతులు చేయడం నికరమైన దారులు. మరమ్మతులో మాత్రం జాగ్రత్త: పాత బాతుకు కొత్త రంగు పూస్తే, సేకరించేవాళ్లు ఇచ్చే ధర ఢమాల్న పడిపోతుంది.