వెన్నుపాము ఒట్టి తీగేనా?

మెదడు అధికారి, వెన్నుపాము టెలిఫోను తీగ, కండరం నౌకరు: పాఠాల్లో తరచు వినిపించే పోలిక ఇది. గుర్తుంచుకోవడం సులువే, కాని విషయం తప్పు.

పోలికే కావాలంటే ఖరగ్‌పూర్ చూడండి. ఎన్నో తెలుగు కుటుంబాలు రైల్వే కొలువుల్లో తరాలుగా స్థిరపడిన ఊరది. ఆ జంక్షన్‌లో ఒక మార్గానికి సిగ్నల్ ఇచ్చారంటే, దానికి అడ్డొచ్చే మార్గాలకు సిగ్నల్ పడకుండా ఇంటర్‌లాకింగ్ ఆపుతుంది. వెన్నుపాములోనూ ఇలాంటి ఏర్పాటుంది. మోకాలిచిప్ప కింద డాక్టరు సుత్తితో తడితే తొడ ముందు కండరం సాగుతుంది. ఆ వార్త వెన్నుపాములోని చాలక నాడీకణాన్ని ఉత్తేజపరుస్తుంది, కాలు ఎగురుతుంది. అదే వార్త ఒక చిన్న నిరోధక నాడీకణం ద్వారా తొడ వెనక కండరాన్ని సడలిస్తుంది. 1932లో నోబెల్ పొందిన షెరింగ్టన్ ఎంతో శ్రమపడి చూపిన ఈ రెండో సగాన్నే మన బొమ్మలు చాలాసార్లు వదిలేస్తాయి!

రైలు పోలికకూ హద్దుంది. ఇంటర్‌లాకింగ్‌కు తెలిసినవి ‘సరే’, ‘కూడదు’ రెండే. చాలక నాడీకణం వేల సంకేతాలను కూడి, తీసివేసి తేల్చుకుంటుంది. పైగా మెదడుతో సంబంధం తెంచినా వెన్నుపాము నడక లయను తానే పుట్టించగలదని 1911లో గ్రాహం బ్రౌన్ పిల్లుల్లో చూపాడు.

తీగ అనుకుంటే, తెగితే ఇక అంతే అనిపిస్తుంది. నిజానికి దెబ్బకు దిగువన నాడీకణాలు చాలావరకు బతికే ఉంటాయి. కాళ్లు చచ్చుబడిన కొందరు వెన్నుపాముకు విద్యుత్ ప్రేరణతో, నెలల శిక్షణతో, ఆసరా పట్టుకుని మళ్లీ అడుగులు వేసినట్లు 2018లో స్విట్జర్లాండు, అమెరికా పరిశోధకులు ప్రకటించారు. ఇంకా అందరికీ అందే వైద్యం కాదది.