తెల్ల డాలియాకు పునాది వేసవిలోనే

ఫిబ్రవరిలో రాష్ట్రపతి భవన్ అమృత్ ఉద్యాన్ చూడబోయిన ఢిల్లీవాసులు పళ్లెమంతేసి డాలియాల ముందు ఆగిపోతారు. ఆగవలసిన పూలే అవి. కానీ ఆ పూలకు కావలసిన పనిలో సగం అంతకుముందు వేసవిలోనే జరిగిపోయి ఉంటుంది. 45 డిగ్రీల ఎండల్లో దుంపను బతికించుకోవడమే డాలియా పెంపకంలో అసలు విద్య. తెల్ల డాలియా కావాలనుకునేవారికి ఇది మరీ ముఖ్యం.

ఎందుకంటే ఈ మొక్క గింజను నమ్ముకోలేం. మెక్సికో ఎత్తు ప్రాంతాల్లో పుట్టి 18వ శతాబ్దం చివర మాడ్రిడ్ చేరిన డాలియా, అక్కడినుంచి లోకమంతా పాకుతూ ఎన్నెన్నో సంకరాలకు లోనైంది. తోట డాలియా కణంలో 64 క్రోమోజోములుంటాయి. చాలా జీవుల్లో రెండేసి ఉండే వరసలు దీనిలో ఎనిమిది. అందుకే తెల్ల పువ్వు గింజ వేస్తే గులాబీ రావచ్చు, పసుపు రావచ్చు. మడి నిండా ఒకే తెలుపు పరుచుకోవాలంటే ఆ మొక్కలు తల్లి దుంపనుంచో, దాని చిగుళ్లు కోసి నాటిన కటింగుల నుంచో రావలసిందే. పూత అయిపోయాక మాలీలు నీళ్లు తగ్గిస్తూ పోయి, ఆకులు ఎండాక దుంపలు తవ్వి, నీడన ఆరబెట్టి, పొడి ఇసుకలో చల్లనిచోట దాస్తారు. ఇక్కడ చెయ్యి నెమ్మదిగా ఆడాలి. బంగాళాదుంపకు ఒళ్లంతా కళ్లుంటాయి. డాలియా దుంపకు కాండాన్ని అంటుకున్న మెడ దగ్గరే. మెడ విరిగితే ఎంత లావు దుంపైనా మొలవదు. వానలు తగ్గుముఖం పట్టాక తడి తగిలిస్తే చిగుళ్లు లేస్తాయి. వాటిని వేలెడు పొడవున కోసి ఇసుకలో వేళ్లు పట్టించి, అక్టోబరులో మడికి మారుస్తారు. నాలుగైదు జతల ఆకులకు కొన తుంచితే మొక్క గుబురెక్కుతుంది.

ఇంత శ్రమ దేనికి, ఏటా నర్సరీలో నారు కొనుక్కోవచ్చు కదా అంటారు. రంగులు కలగలిసినా ఫరవాలేదనుకుంటే అదే సులువు. తెలుపు మీద మచ్చలు దాగవన్న మాట కూడా నిజమే: తామర పురుగు గీరిన గీతలు, మంచుకు కమిలిన అంచులు ఎరుపులో కలిసిపోతాయి గానీ తెలుపులో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆ తెలుపే పెంచేవారికి ముందుగా హెచ్చరిక చేస్తుందని నేను భావిస్తాను. నీళ్లు పూల మీద పడకుండా ఉదయంపూట పాదులో పోసి, పొగమంచు వీడాక ఫిబ్రవరి, మార్చిలో నిండు పూత వచ్చేలా చూసుకుంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

చామంతి రెండు వారాలు నిలిచేచోట డాలియా నాలుగైదు రోజులే నిలుస్తుందన్నదే బలమైన అభ్యంతరం. దీని మొగ్గ కోశాక విచ్చదు. దాదాపు పూర్తిగా విచ్చిన పువ్వునే తెల్లవారుజామున కోసి వెంటనే నీళ్లలో ఉంచాలి. కాబట్టి దూరపు మార్కెట్లకు ఇది పెద్దగా పనికిరాదు, ఇంటి మడికి మాత్రం చక్కగా సరిపోతుంది. పొడవాటి కాడకు ఒక్క పెద్ద పువ్వు కావాలంటే మూడు మొగ్గల్లో నడిమిది ఉంచి పక్కవి గిల్లేయాలి. కోసేకొద్దీ పక్క కొమ్మలు మళ్లీ మొగ్గ తొడుగుతాయి. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు: మార్చిలో పూలుండగానే తెల్ల మొక్కలకు చీటీ కట్టుకోవాలి. తవ్వి తీశాక దుంపల్లో తెల్లదేదో ఎర్రదేదో ఎంత అనుభవమున్న మాలీకైనా తెలియదు.