మొసలి నీళ్లలోకి జారితే

కిన్నెరసాని జలాశయంలో బోటెక్కాక ఒడ్డున మొసలి కనబడితే చాలు, ఎవరో ఒకరు అననే అంటారు: "అన్నా, ఇంకొంచెం దగ్గరికి పోనియ్యి!" సెల్‌ఫోన్లు లేస్తాయి, ఈలలు మొదలవుతాయి. మొసలి నీళ్లలోకి జారుకుంటుంది. మనకు పోయింది ఒక ఫొటో. దానికి పోయింది పొద్దుటి ఎండ.

మన ఒంట్లోలా మొసలి ఒంట్లో వేడి దానంతటది పుట్టదు, ఎండ నుంచి తెచ్చుకోవాలి. చలికాలంలో గట్టు మీదికెక్కి గంటల తరబడి కదలకుండా పడుండేది అందుకే. ఒళ్లు వేడెక్కితే గాని తిన్నది అరగదు. ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య గట్టున గుంట తవ్వి గుడ్లు పెట్టి, తల్లి అక్కడే కాపలా ఉంటుంది. అప్పుడు దాన్ని బెదరగొడితే గుడ్లకు దిక్కుండదు.

పాల్వంచ పక్కనున్న ఈ కిన్నెరసాని అడవిని, దాదాపు 635 చదరపు కిలోమీటర్ల మేర, 1977లో అభయారణ్యం చేశారు. అభయారణ్యంలో జంతువులను వేధించడం, చెత్త పారేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చట్టం అంతవరకే చెబుతుంది. ఎంత దూరంలో ఆగాలో జంతువే చెబుతుంది.

దుప్పి మేత ఆపి చెవులు రిక్కించిందంటే మనం అప్పటికే హద్దు దాటాం. నాలుగడుగులు వెనక్కి వెయ్యాలి. ఇంజన్ ఆపి, నోరు మెదపకుండా కూర్చుంటే కాసేపటికి అది మళ్లీ తన మేతలో పడుతుంది. అడవిని చూడటం అప్పుడు మొదలవుతుంది. నా మటుకు నాకు, పారిపోయే పులిని చూడటం కన్నా నెమరేసే దుప్పిని చూడటం గొప్ప.

రాములవారి దర్శనానికి భద్రాచలం వెళ్తూ దారిలో కోతులకు అరటిపళ్లు విసరడం పుణ్యమనుకుంటాం. అడవి పళ్లు తిని గింజలను దూరదూరాలకు చేర్చే కోతి, మన పళ్ల కోసం రోడ్డు పక్కన కాపు కాస్తుంది. బండ్ల కింద పడుతుంది. మనుషులంటే బెదురు పోయి ఊళ్లమీద, చేలమీద పడుతుంది. ఆ పుణ్యానికి ఖర్చు భరించేది అడవి అంచున ఉండే రైతు.

కిన్నెరసానిలోనూ అంతే, బోటు నడిపేవాణ్ని తప్పుపట్టి లాభం లేదు. మొసలి పక్కకు తీసుకెళ్తే సంబరపడి చేతిలో నోటు పెట్టేది మనమే. ఈసారి ఆ నోటు, దూరంగా ఇంజన్ ఆపినవాడికి ఇవ్వండి. ఎందుకిస్తున్నారో బోటులో అందరికీ వినబడేలా చెప్పండి.