ఎవరితో పోల్చి గెలిచినట్టు?

రద్దీ పెరిగినా, సర్వర్ మొరాయించినా తనంతట తానే సర్దుకునే సాఫ్ట్‌వేర్ గురించి పరిశోధనా పత్రాలకు కొదవ లేదు. 2001లో ఐబీఎం ఊపు తెచ్చిన ఆలోచన ఇది. పత్రం చివర తరచూ ఒక గ్రాఫ్ ఉంటుంది, అందులో రచయితల పద్ధతి గీతే పైన ఉంటుంది. నాకు సందేహమల్లా దాని కింద ఉండే గీత మీదే.

కార్నెగీ మెలన్ పరిశోధకులు 2018లో ప్రకటించిన ‘స్విమ్’ అనే పరీక్షావేదికనే తీసుకోండి. అదొక వెబ్‌సైట్‌కు నకలు. జనం పోటెత్తితే మన ప్రోగ్రాం కొత్త సర్వర్ తెరవొచ్చు, లేదా పేజీలో సిఫారసుల్లాంటి అదనపు సరుకును కొందరికి కత్తిరించొచ్చు. సర్వర్ లేచేసరికి ఆలస్యమవుతుంది, ఖర్చూ పడుతుంది. సరుకు కోస్తే వెంటనే ఊపిరాడుతుంది గానీ రాబడికి గండి. వీటన్నిటినీ కలిపి ఒకే స్కోరు కడతారు. స్విమ్‌తోపాటు ఇచ్చే రద్దీ రికార్డుల్లో ఒకటి 1998 ఫుట్‌బాల్ ప్రపంచకప్ సైటుది. సర్వర్ లేవడానికి పట్టే సమయం పెంచండి, ముందుచూపుతో నడిచే పద్ధతి మెరుస్తుంది. సున్నాకు దించండి, రద్దీ వచ్చాక కదిలే మామూలు నియమం దాదాపు దాని పక్కకు చేరుతుంది. పైగా ఆ నియమంలో ‘సర్వర్ల వాడకం 80 శాతం దాటితే ఇంకో సర్వర్ కలుపు’ అని ఉంటే, ఆ 80 ఎక్కణ్ణుంచి వచ్చిందో చాలాసార్లు చెప్పరు. సొంత పద్ధతికి మెరుగులు దిద్దుకుని, ప్రత్యర్థిని డిఫాల్ట్ సెట్టింగులతో బరిలోకి దింపడం పోటీ అనిపించుకోదు.

ఉమ్మడి వేదిక లేకపోతే ఎవరి దారి వారిదే కదా అంటారు. నిజమే, నేను వేదిక వద్దనడం లేదు. నడుస్తున్న సైటు మీద ప్రయోగాలు చేయనిచ్చే యజమానీ దొరకడు. చివరికి ఎవరో ఒకరు తూకం వేయాలి, ఒకే స్కోరు తప్పేమిటన్నది ఇంకాస్త గట్టి వాదన. కానీ ఆ తూకం యజమానిది. తత్కాల్ టికెట్లు అమ్మేవారికి ఉదయం 10 గంటలకు ఏం ముంచుకొస్తుందో ముందే తెలుసు. భూకంపం వార్త మోసే సైటుకు తెలియదు. అందుకే ఆలస్యమైన జవాబులెన్ని, కోసిన సరుకెంత, సర్వర్లు నడిచిన గంటలెన్ని అన్నవి విడివిడిగా చూపాలి. సగటుతో సరిపెట్టకుండా అన్నిటికన్నా చెడ్డగా సాగిన పరుగునూ దాచకూడదు. ఏ సర్దుబాటూ లేకుండా మొదటినుంచీ ఒక సర్వర్ ఎక్కువే నడిపితే ఎంతవుతుందో ఆ గీతా పక్కనే ఉండాలి; గీయడానికి అన్నిటికన్నా తక్కువ శ్రమ పట్టేది అదే.