పిల్లల నటనకు ఒగ్గు గురువే కావాలి

పిల్లలకు నటన ఎక్కడ నేర్పించాలని ఇబ్రహీంపట్నంలో ఎవరడిగినా నేను ఒక్కటే చెబుతా: ముందు ఒగ్గు కథ చూపించండి. ప్రధాన కథకుణ్ని తర్వాత చూడొచ్చు, పక్కన నిలబడ్డ వంతగాణ్ని చూడమనండి. అంతటి యాక్టింగ్ మాస్టారు నాకైతే ఇంకెక్కడా కనబడలేదు.

'రాజు అడవికి బయలెల్లిండు' అంటాడు కథకుడు. 'ఒక్కడేనా?' అంటాడు వంత. 'గుర్రమెక్కి పోయిండు.' 'మరి గుర్రానికి గడ్డెవరేసిండ్రు?' జనం గొల్లుమంటారు. ఆ నవ్వు చల్లారేలోపే కథకుడు గడ్డికోసే ముసలవ్వను కథలోకి దింపుతాడు. కండువా నెత్తిన కప్పుకుంటే అవ్వ, నడుముకు బిగిస్తే మళ్లీ రాజు. ఎంత చురుకు! ఎదుటివాడి మాటను కొట్టెయ్యొద్దు, అందుకుని పెంచాలి. వంతగాడి విద్యంతా ఇదే. 'కాదు' అన్నాడా, కథ అక్కడే కూలబడుతుంది.

షికాగోలో వలస కుటుంబాల పిల్లలతో ఆటలాడించి, 1963లో ఆశునటన మీద పుస్తకం వేసిన వయోలా స్పోలిన్‌ను ప్రపంచం నెత్తిన పెట్టుకుంది. పెట్టుకోవాల్సిందే. మరి బీరప్ప, మల్లన్న కొలువుల్లో డోలు దెబ్బకు పుట్టిన మన ఆశువుకు ఆ మర్యాద ఏది? జనగామ వైపు మాణిక్యాపురం నుంచి వచ్చి ఒగ్గు కథను పెద్ద వేదికలెక్కించిన చుక్క సత్తయ్య సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు. 2017లో వెళ్లిపోయారు. మన పిల్లల్లో ఎందరికి ఆ పేరు తెలుసు?

1885లో కడప సీమలో మొదలైన సురభి నాటకాల వాళ్లను చూడండి. తెర వెనక పెరిగిన పిల్లలే తెర ముందుకొచ్చి లవకుశులవుతారు, ప్రహ్లాదులవుతారు. విడిగా నటన క్లాసు ఎందుకు?

మన దగ్గర జరుగుతున్నదేమిటి? 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చాక ఈ చుట్టుపక్కల నటనంటే కెమెరా అన్న భ్రమ పట్టుకుంది. నేను చూసిన ఒక వేసవి క్లాసులో ఎనిమిదేళ్ల పాప చేత హీరో డైలాగు వల్లె వేయించారు. పాప మధ్యలో సొంతంగా ఒక మాట కలిపింది. అందరూ నవ్వారు. 'ఉన్నది ఉన్నట్టు చెప్పు' అని మాస్టారు కసిరాడు. నటన పుట్టిందే ఆ మాటలో కదయ్యా! దాన్ని నొక్కేసి అనుకరణకు ఫీజు గుంజడం నేర్పడమా, మోసమా?

అసలు నేర్పాలంటే ఒక్క కండువా చాలు. ముగ్గురు పిల్లల్ని నిలబెట్టండి. ఒకరు దాన్ని పసిబిడ్డను చేసి ఎత్తుకుంటే, రెండోవాళ్లు 'పాలు తాగిందా?' అని అందుకోవాలి. మూడోవాళ్లు జోల పాడాలి. డైలాగు పేపరు అక్కర్లేదు. ఎదుటివాళ్ల మాట వినని పిల్ల ఈ ఆటలో నిలవదు, అందుకే వినడం వచ్చేస్తుంది.

బడుల పెద్దలకూ తల్లిదండ్రులకూ నా మనవి. ఈసారి వార్షికోత్సవంలో డీజేకు పోసే డబ్బుతో ఒక ఒగ్గు బృందాన్ని పిలవండి. కథ అయ్యాక శాలువా కప్పి పంపేయకండి. పిల్లల మధ్య రెండు గంటలు కూర్చోబెట్టండి. ఆ రెండు గంటలకూ విడిగా డబ్బులివ్వండి.