దిలారామ్ చెప్పని ఎత్తు

ఒక ప్రభువు చదరంగంలో సర్వం పోగొట్టుకుని చివరికి భార్యను పందెం ఒడ్డాడు. ఆ ఆటా చేజారిపోతోంది. ఎదుటివాడి ఏనుగులు రాజును చుట్టుముట్టాయి, ఇంకొక్క ఎత్తుతో ఆటకట్టు. తెర వెనక నుంచి బోర్డును చూస్తున్న భార్య, రెండు ఏనుగులనూ ఇచ్చెయ్, నన్ను మాత్రం ఇవ్వకు అని మెల్లగా అందించింది. ఆమె పేరు దిలారామ్. పారసీకంలో ఆ పేరుకు మనసుకు నెమ్మదినిచ్చేది అని అర్థం.

జూదంలో ఆలిని ఒడ్డిన కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. ద్రౌపది నిండు సభలో నిలబడి ధర్మం అడిగింది. దిలారామ్ బోర్డు చూసి దారి చెప్పింది. నిజంగా అలా జరిగిందా అన్నది నాకు ముఖ్యం కాదు. ఆ కథతో పాటు మనదాకా వచ్చిన చిక్కు మాత్రం నిజం. దాని పనితనం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇలాంటి చిక్కులను అరబ్బులు మన్సూబాలు అనేవారు. అమర్చి పెట్టినవి అని అర్థం. 9, 10 శతాబ్దాల నాటికే బాగ్దాద్‌లో అల్ అద్లీ, అస్ సూలీ లాంటి మేటి ఆటగాళ్లు వీటిని కూర్చి పుస్తకాలకెక్కించారు. అప్పటి ఆట పేరు షత్రంజ్. మన చతురంగం పారసీకం మీదుగా అరబ్బులకు చేరి ఆ పేరు తెచ్చుకుంది. నియమాలు మాత్రం ఇప్పటివి కావు. మంత్రి ఐమూలగా ఒక్క గడే కదిలేవాడు. ఈనాటి శకటు స్థానంలో ఉండే పావు కూడా ఐమూలగా కచ్చితంగా రెండో గడికే దూకేది. మధ్యలో ఎవరున్నా దానికి అడ్డు కాదు. ఈ రెండు పావులకూ ఇప్పుడున్న బలం 15వ శతాబ్దం చివర యూరప్‌లో వచ్చింది.

ఇక్కడ పేర్ల తికమక ఒకటుంది. ఆ దూకే పావును అరబ్బులు ‘అల్ ఫీల్’ అన్నారు, అంటే ఏనుగు. మూలన ఉండే పావును ‘రుఖ్’ అన్నారు, దాన్ని రథమనే చెప్పుకుంటారు. మన తెలుగులో ఇది తిరగబడింది. మూలన ఉన్నది మనకు ఏనుగు, ఐమూలగా పోయేది శకటు, అంటే బండి. నేను మన పేర్లే వాడతాను. శకటు అన్నచోట పాత నియమం ప్రకారం దూకే శకటు అని గుర్తుంచుకుంటే చాలు.

షత్రంజ్‌లో మంత్రి బలహీనుడు కాబట్టి బోర్డు మీద ఏనుగును మించిన పావు లేదు. రెండు ఏనుగులనూ ఇచ్చెయ్ అంటే ఉన్న ఆస్తంతా ఇచ్చెయ్ అనడమే. మంత్రిని బలి ఇచ్చే ఆటలు చూసి చూసి అలవాటుపడిన మన కళ్లకు ఆ మాట బరువు వెంటనే తెలియదు.

బోర్డు దగ్గర పెట్టుకోండి. గడి పేరులో అక్షరం నిలువు వరసది, అంకె అడ్డువరసది. ప్రభువువి తెల్ల పావులు. తెల్ల ఏనుగులు హెచ్4లో ఒకటి, హెచ్1లో ఒకటి. వాటి మధ్య హెచ్3లో శకటు. దాని పక్కగా జి4లో గుర్రం. ముందుకు చొచ్చుకుపోయిన బంట్లు ఎఫ్6, జి6. నల్ల రాజు జి8లో ఉన్నాడు. నల్ల ఏనుగుల్లో ఒకటి రెండో అడ్డువరస మీద ఉంది. తెల్ల రాజుకు తర్వాతి ఎత్తులోనే ఆటకట్టు కాబట్టి తెల్లవాళ్ల ప్రతి ఎత్తూ చెక్ కావాలి. చెక్ కాని ఎత్తు ఒక్కటి వేసినా పని అయిపోయినట్టే.

మొదటి ఎత్తు దిలారామ్ చెప్పినదే. ఏనుగు హెచ్8కి వెళ్లి చెక్. రాజు దాన్ని తినక తప్పదు. ఎఫ్7, హెచ్7 గడులను జి6 బంటు కాస్తోంది. జి7ను ఎఫ్6 బంటు కాస్తోంది. ఎఫ్8కి జరిగితే ఏనుగు అదే వరసలో వెన్నంటి ఉంది. తిన్నాడు. ఇప్పుడు రాజు హెచ్8 మూలన ఉన్నాడు.

ఇక్కడ ఆగండి. చాలామంది ఇక్కడే తప్పుతారు. ఇచ్చింది రెండు ఏనుగుల సలహా, మిగిలింది ఒక ఏనుగు. దాన్ని ఎలా ఇవ్వాలా అని చూస్తే దారి కనపడదు. హెచ్1 ఏనుగుకు తన శకటే అడ్డంగా కూర్చుంది. సరే, జి6 బంటును జి7కి నడిపి చెక్ ఇద్దామంటే రాజు జి8కి జరుగుతాడు. గుర్రం హెచ్6కి దూకి మళ్లీ చెక్ చెప్పినా రాజు హెచ్7లోకి జారుకుంటాడు. ఆ ఒక్క గడిని కాసేవాళ్లు లేరు.

అసలు ఎత్తు శకటుది. హెచ్3 నుంచి ఎఫ్5కి, మధ్యలో జి4 మీద నిలబడ్డ సొంత గుర్రం తల మీదుగా దూకుతుంది. అది పక్కకు తొలగగానే వెనక ఉన్న ఏనుగు నిలువు వరస పొడవునా రాజు మీద చూపు నిలుపుతుంది. చెక్. శకటు తను పోయిన చోట కూడా ఊరికే లేదు. ఎఫ్5 నుంచి దాని తర్వాతి దూకుడు హెచ్7కే. ఇందాక రాజు తప్పించుకున్న గడి అదే.

ఈ శకటు గురించి ఒక్క మాట. షత్రంజ్ శకటు ఎంత దూకినా 64 గడుల్లో ఎనిమిదింటినే ముట్టగలదు. హెచ్3లో ఉన్న శకటుకు దక్కేవి హెచ్3, హెచ్7, ఎఫ్1, ఎఫ్5, డి3, డి7, బి1, బి5 మాత్రమే. అంత బీద పావు అది. ఆ ఎనిమిదిలోనే చిక్కుకు కావలసిన మూడు గడులు, కూర్చునేది, దూకేది, కాసేది, వరసగా పడ్డాయి. కూర్చినవాడు శకటు బీదతనాన్ని కొలిచి మరీ వాడుకున్నాడు. నన్ను ఈ చిక్కు దగ్గర కట్టిపడేసింది ఇదే. బలులు అందరికీ కనపడతాయి. సలహాలోనూ అవే ఉన్నాయి. ఆట గెలిపించిన శకటు ఊసు నేను చెప్పిన కథలో దిలారామ్ ఎత్తనే లేదు.

ఇప్పుడు మొదటి బలి ఎందుకో తేటపడుతుంది. రాజు జి8లోనే ఉంటే శకటు దూకినా చెక్ కాదు. పైగా హెచ్4 ఏనుగు అక్కడే ఉంటే వెనక ఏనుగుకు దారే లేదు. ఆ ఏనుగు చావడంలో రెండు పనులు జరిగాయి. రాజును హెచ్ వరసలోకి లాగింది, ఆ వరసను తన తోటి ఏనుగుకు ఖాళీ చేసింది. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్న సామెత ఇక్కడ లెక్కతో సహా సరిపోయింది.

నల్లవాళ్లు తమ ఏనుగును హెచ్2లో అడ్డం పెడతారు. ఆలస్యమే తప్ప లాభం లేదు. హెచ్1 ఏనుగు దాన్ని తిని మళ్లీ చెక్ చెబుతుంది. రాజు జి8కి వెనక్కి వస్తాడు. ఇప్పుడు రెండో ఏనుగు కూడా హెచ్8కి వెళ్లి చెక్ చెబుతుంది. మొదటిది చచ్చిన గడిలోనే ఇదీ చావాలి. ఒకే గడిలో రెండు బలులు ఇచ్చినా పని మాత్రం ఒకటి కాదు. మొదటిది దారి తెరవడానికి. రెండోది రాజును మూలకు లాగి, బంటు ఎత్తు చెక్ అయ్యేలా చేయడానికి. రాజు జి8లో ఉండగా గుర్రం తొందరపడి చెక్ చెబితే ఎఫ్8 మీదుగా పారిపోతాడు.

రాజు తింటాడు. జి6 బంటు జి7కి వచ్చి చెక్. హెచ్7ను శకటు కాస్తోంది కాబట్టి జి8 ఒక్కటే దిక్కు. గుర్రం హెచ్6కి దూకుతుంది. ఆటకట్టు. మొత్తం ఆరు ఎత్తులు, ఆరూ చెక్‌లే.

చివరి బొమ్మను కాసేపు చూడండి. జి8 రాజు చుట్టూ అయిదు గడులు. ఎఫ్8, హెచ్8 రెంటినీ జి7 బంటు కాస్తోంది. ఆ బంటును తినకుండా ఎఫ్6 బంటు కాపలా ఉంది. ఎఫ్7ను గుర్రం కాస్తోంది, చెక్ చెబుతున్నదీ అదే. హెచ్7 శకటుది. ఏ గడికీ ఇద్దరు కాపలాదారులు లేరు, ఏ గడీ వదిలిపోలేదు. ఇలా ప్రతి గడికీ ఒకే కాపలా ఉంటే దాన్ని ఈనాటి చిక్కుల రచయితలు శుద్ధమైన ఆటకట్టు అంటారు. ఆ లక్షణం కోసం రాత్రుళ్లు కూర్చుని పావులు జరుపుతుంటారు. వెయ్యేళ్ల కిందటి సంప్రదాయానికి చెందిన ఈ చిక్కులో అది అచ్చంగా ఉంది. తెల్ల రాజును పక్కన పెడితే, బతికి ఉన్న ప్రతి తెల్ల పావూ ఈ కట్టులో పాలుపంచుకుంది. పనిలేని పావులు, అంటే ఏనుగులు రెండూ, అప్పటికే బోర్డు మీద లేవు. వాటిలో ఒకటి మిగిలి ఉంటే ఈ అందం చెడేది.

ఫోన్‌లో ఆడే మామూలు చదరంగం ఈ చిక్కుకు పనికిరాదు. అది శకటును గుర్రం మీదుగా దూకనివ్వదు. చెక్క బోర్డు తీసి చేత్తో పావులు పెట్టండి. ఇంట్లో ఆట తెలిసిన పిల్లలుంటే దూకే శకటు నియమం చెప్పండి, రెండు ఏనుగులనూ ఇచ్చెయ్ అన్న దిలారామ్ మాట చెప్పండి. రెండో ఎత్తు మాత్రం చెప్పకండి. అది వాళ్లే కనుక్కోవాలి.